రెండు వందల పన్నెండు పాయింట్ ఒకటి

మనిషిని కట్టేయడానికి పగ్గమే కావాలని లేదు. “నువ్వు లేకపోతే ఎట్లప్పా?” అన్న ఒక్క మాట చాలు. మా డాక్టర్ జయచంద్ర గారు ఆ మాటతోనే అబ్దుల్ వాహిద్‌ను పద్దెనిమిదేళ్లు కుర్చీకి కట్టేశారు. ఆ మాట విన్నప్పుడల్లా వాహిదన్న తల వంచుకుని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

నా పేరు యశోద. ప్రొద్దుటూరులో ఒక కంటి ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు కార్డులు రాస్తాను. మా ఇల్లు జమ్మలమడుగులో. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, పద్నాలుగేళ్లుగా ఇదే బతుకు. జమ్మలమడుగులో మా ఆసుపత్రి బ్రాంచి ఒకటుంది. అక్కడికి మార్చండి సార్ అని మూడేళ్లు ప్రాణం తీస్తే, ఈ ఏడు జూన్ నుంచి మారుస్తామని కాగితం ఇచ్చారు. నాకు నోటి దురుసని మా అత్త మొదలు బస్సు కండక్టర్ దాకా అందరూ అంటారు. నోరే లేకపోతే ఆ కాగితం వచ్చేదా?

వాహిదన్నది నా పక్క కుర్చీ. వాళ్ల నాన్న హఫీజ్ గారు వాచీలు బాగు చేసేవారు. ఏ వస్తువు చేతికొచ్చినా వెనక మూత విప్పి చూడటం ఈయనకు ఆ తండ్రి నుంచే వచ్చింది. డిగ్రీ అయ్యాక ఆసుపత్రిలో చేరి, ఎవరూ అడక్కముందే కంప్యూటర్‌లో యాక్సెస్ అనే ప్రోగ్రామ్ పట్టుకుని రోగుల పట్టిక తయారు చేశాడు. పేరు, ఊరు, వచ్చిన తేదీ, కంటి ప్రెషర్, డాక్టర్ చెప్పిన మాట, అన్నీ అందులో ఉంటాయి. మైదుకూరు నుంచి వచ్చిన ముసలాయన పేరు చెప్పగానే పదేళ్ల కిందటి చూపు ఎంతో చెప్పేసేవాడు. అది చూసి డాక్టర్ గారు మురిసిపోయేవారు.

ఆ పట్టిక మొత్తం ఒక్క ఫైలు. జమ్మలమడుగులోనూ, తర్వాత పులివెందులలోనూ బ్రాంచీలు పెట్టాక ఆ ఒక్క ఫైలుకు మూడు కాపీలయ్యాయి. ఎవరి ఊళ్లో వాళ్లు ఎవరి కాపీలో రాసుకుంటారు. శనివారం వచ్చిందంటే వాహిదన్న చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని బస్సెక్కేవాడు. జమ్మలమడుగులో ఆ వారం పేర్లన్నీ ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి అక్కడివీ ఎక్కించుకుని, ఆదివారమంతా కూర్చుని మూడింటినీ ఒకటి చేసేవాడు. ఎట్లా చేస్తాడో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పడు. నిఖా అయిన మూడో రోజు ఫైలు తెరుచుకోవడం లేదని డాక్టర్ గారి కారు పెళ్లింటి ముందు ఆగింది. తండ్రి పోయినప్పుడు నాలుగో రోజుకే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“అన్నా, నాకన్నా నేర్పించొచ్చు గదా?” అని అడిగేదాన్ని.

“నేర్పిస్తాలేమ్మా. తీరిక దొరకనీ.”

“నువ్వు నేర్పిస్తేనే గదా నీకు తీరిక దొరికేది!”

మళ్లీ అదే నవ్వు. ఏం చేస్తాం?

పోయినేడు దసరా ముందర వాహిదన్న తల్లి ఖమర్‌బీ అమ్మకు హజ్ యాత్రకు పేరు వచ్చింది. ఆమెకు డెబ్బై ఒకటి. ఆ వయసువాళ్ల వెంట తోడు ఒకరు పోయి తీరాలి. తోడు మనిషి మానుకుంటే ముసలివాళ్ల పేరు కూడా కొట్టేస్తారు. ఉన్నది ఒక్కడే కొడుకు కాబట్టి ఆయన పేరే తోడుగా రాశారు. మే మొదటి వారంలో బెంగుళూరు నుంచి విమానం. పోయి రావడానికి నలభై రెండు రోజులు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఖమర్‌బీ అమ్మకు నీటి కాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వచ్చే జబ్బు అది. పోయిన చూపు మళ్లీ రాదు, మందు వేసుకుంటూ ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఆమెకు పదేళ్లుగా చూస్తున్నది మా డాక్టర్ గారే.

వాహిదన్న లీవు కాగితం పట్టుకుని లోపలికి పోతే డాక్టర్ గారు దాన్ని రెండుసార్లు చదివారు.

“నలభై రొండు రోజులా? నువ్వు లేకపోతే ఎట్లప్పా?”

మా డాక్టర్ చెడ్డవారు కాదు. లేనివాళ్ల దగ్గర పైసా తీసుకోరు. కానీ పద్దెనిమిదేళ్లుగా ఒక మనిషి మీద వాలిపోయి కూర్చున్నవారికి ఆ మనిషి లేస్తాడంటే భయమేస్తుంది. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. సర్వర్ కొందాం, మూడూళ్లకూ ఒకటే పట్టిక చెయ్యి, అది నడిస్తే నువ్వు పో అన్నారు. సంక్రాంతి దాటాక సర్వర్ వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్లు గదిలో ఏసీ కింద పెట్టి, “మీ పట్టికను దీనికి మీరే కలుపుకోవచ్చు” అని చెప్పి వెళ్లిపోయారు.

నాకు అర్థమైనంత చెబుతాను. పేర్లన్నీ సర్వర్‌లో ఉంటాయి. మా కంప్యూటర్లలోని యాక్సెస్ ఒక కిటికీ లాంటిది. ఈ రెంటినీ మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి మధ్యలో ఉంటుంది. పులివెందులలో పేరు కొడితే ఆ క్షణమే ప్రొద్దుటూరులో కనబడాలి. పెన్‌డ్రైవ్ పీడ విరగడవుతుంది.

ఇంత మంచి పని చేతిలో పెట్టుకుని వాహిదన్న ఏం చేశాడు? ఫిబ్రవరి అంతా “చూస్తాండా” అన్నాడు. మార్చి అంతా “శానా పని ఉంది దాంట్లో” అన్నాడు. ఉగాది వెళ్లిన మర్నాడు నాకు కోపం నషాళానికి అంటింది. లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కొచ్చి ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాను.

“ఈపొద్దు నుంచి నువ్వేం చేస్తాండావో నాకు చెప్తా చెయ్. నేను రాసుకుంటా. లేదంటే మీ అమ్మకు చెప్తా, నీ కొడుక్కే పోవాలని లేదని.”

ఆయన ముఖం మాడిపోయింది. “అట్లనొద్దమ్మా. పోవాలనే ఉండాది నాకు.”

“మరి ఏంది నీ బాధ?”

మౌస్ పక్కకు నెట్టాడు. తర్వాత, “ఇది అందరికీ తెలిసిపోతే ఇంక నేనెందుకు యశోదమ్మా ఈడ?” అన్నాడు. నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీ వేశాను.

ఇక్కడ మా నంబర్ల సంగతి చెప్పాలి. మా దగ్గరికి వచ్చే పల్లె జనం ఇంటికంతా ఒకటే కార్డు తెస్తారు, రేషన్ కార్డు మాదిరి. కొత్త కార్డు రాస్తానంటే ఒప్పుకోరు. “మా ఆయప్ప కార్డు ఉండాది గదా, దాంట్లోనే రాయి” అంటారు. వాహిదన్న దానికొక ఉపాయం చేశాడు. ఇంటిపెద్దకు 4127 అయితే, భార్యకు 4127.1, పెద్ద కొడుక్కు 4127.2. అట్లా ఇల్లంతా ఒక నంబరు కిందే ఉంటుంది. నీటి కాసులు ఒకే ఇంట్లో నలుగురికి రావచ్చు కాబట్టి డాక్టర్ గారికీ అది బాగా నచ్చింది. వీరపునాయునిపల్లె నుంచి గొర్రెలు కాసే సంజీవయ్య వాళ్ల ఇల్లు ఇల్లంతా దిగినప్పుడు మాత్రం చిక్కొచ్చింది. పదకొండో మనిషికి .10 అని కొడితే కంప్యూటర్ దాన్ని .1 చేసి, ఈ నంబరు ముందే ఉందంది. అప్పుడు వాహిదన్న .91 అని పెట్టి మా అందరివైపు గర్వంగా చూశాడు. ఆ పాయింట్లన్నీ కార్డుల మీద ఎర్ర పెన్నుతో వేసింది నేనే.

ఏప్రిల్ పదో తేదీ పొద్దున పట్టిక మొత్తం సర్వర్‌లోకి ఎక్కించాడు. అరవై రెండు వేల పేర్లు. తర్వాత యాక్సెస్‌ను సర్వర్‌కు కలిపాడు. మనిషిని మనిషిని వేరుగా గుర్తుపట్టడానికి ఏది చూడాలని అది అడిగితే కార్డు నంబరు చూపించాడు. పట్టిక తెరిచాడు.

ఒక వరుసలో పేరుంది. దాని కింద మూడు వరుసల్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా ‘డిలీటెడ్, డిలీటెడ్, డిలీటెడ్’. మళ్లీ ఒక పేరు. మళ్లీ ఐదు వరుసలు డిలీటెడ్. కిందికి జరిపేకొద్దీ అదే. వాహిదన్న మళ్లీ మొదటికి జరిపాడు. 212 అని కొట్టి వెతికాడు. అది వాళ్ల ఇంటి నంబరు. మొదటి వరుసలో హఫీజ్ గారి పేరు చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద 212.1 ఉండాల్సిన చోట, ఖమర్‌బీ అని ఉండాల్సిన చోట, డిలీటెడ్ అని ఉంది.

“సచ్చిపోయిన మా నాయన ఉన్నాడు,” అన్నాడు వాహిదన్న. “బతికుండే మాయమ్మ లేదు.”

ఆయనట్లా కూలబడితే నేనూ కూలబడటానికి లేదు కదా. కౌంటర్ ముందర నలభై మంది ఉన్నారు. “నీ పెన్‌డ్రైవ్‌లో పాతది ఉండాది గదా, యాడికీ పోలేదులే, నీళ్లు తాగు” అని గదిమి, తెర వైపు చూశాను. పద్నాలుగేళ్లు కార్డులు రాసిన కళ్లు నావి. ఒక్క నిమిషంలో దొరికింది.

“అన్నా, పాయింట్ లేనోళ్లంతా ఉండారు. పాయింట్ ఉండేటోళ్లే పోయినారు.”

ఆయన దిగ్గున లేచాడు. ఆ తర్వాత నాకు విడమరిచి చెప్పాడు. పాయింటున్న నంబరును సర్వర్ ఉన్నదున్నట్టుగా దాచుకోదట. 212.1 అని ఇస్తే లోపల దాని చివర ఎక్కడో కనిపించని తోక ఒకటి చేరుతుందట. యాక్సెస్ పోయి “212.1 ఉందా?” అని అడుగుతుంది. తోక తేడా కాబట్టి సర్వర్ “లేదు” అంటుంది. లేదన్నారు కాబట్టి యాక్సెస్ ఆ మనిషిని కొట్టేసినట్టు రాస్తుంది. మనిషి ఉన్నాడు, అడిగే పద్ధతిలోనే తప్పు. ఇంటిపెద్దలకు పాయింట్ లేదు కాబట్టి నిక్షేపంగా ఉన్నారు. ఆడవాళ్లూ పిల్లలూ కనబడకుండా పోయారు. అది విని నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

బాగు చేయడానికి ఐదు రోజులు పట్టింది. ఇంటితో పని లేకుండా ప్రతి మనిషికీ ఒక పూర్తి నంబరు ఇచ్చాడు. పాత పాయింట్ నంబర్లను లెక్కకు కాకుండా పేరులాగా పక్క గడిలో ఉంచాడు, పాత కార్డులు తెచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి. ఈసారి ప్రతి అడుగూ నాకు చెప్పాడు, నేను రాసుకున్నాను. మళ్లీ కలిపి తెరిస్తే 212.1 ఖమర్‌బీ, వయసు 71, ప్రొద్దుటూరు అని కనబడింది. వాహిదన్న ఆ పేరును వేలితో తాకాడు. ఆ వారమే జమ్మలమడుగు, పులివెందుల పోయి అక్కడి కంప్యూటర్లనూ కలిపేశాడు. పులివెందుల కౌంటర్‌లో ఉండే జాస్మిన్ ఫోన్‌లో కేకలు పెట్టింది. “అక్కా, నువ్వు ఇప్పుడు కొడతాండే పేరు నాకు ఈడ కనపడతాంది!”

అందరం స్వీట్లు తిన్నాం. విమానానికి పదకొండు రోజులుంది. వాహిదన్న లీవు కాగితం మళ్లీ పట్టుకుని లోపలికి పోయాడు, బయటికి వచ్చేసరికి ముఖంలో రక్తం లేదు.

“ఏమైందన్నా?”

“ఇంతకుముందు ఒక ఊరు నిలిచిపోతే ఇంకో ఊరు నడిచేదంట. ఇప్పుడు మూడూర్లూ దీనిమీదనే ఉండాయంట. ఇది నిలబడిపోతే మూడూర్లూ నిలబడిపోతాయంట. ఇప్పుడే ఎట్ల పోతావప్పా, వచ్చే ఏడు పో అన్నాడు సార్.”

“నువ్వేమన్నావు?”

“సరే సార్ అన్నా.”

ఆ క్షణాన నేను ఏమేం తిట్టానో ఇక్కడ రాయలేను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది మనిషి పరిస్థితి, అది నాకు తెలుసు. నలభై ఆరేళ్ల వయసు, ఇద్దరు ఆడపిల్లల చదువులు, వేరే చోట ఎవరిస్తారు పని? కాదంటే ఉద్యోగం, అవునంటే తల్లి. కానీ సరే సార్ అనడానికి ఒక్క నిమిషమైనా ఆలోచించాలి కదా! “మీ అమ్మకు చెప్పినావా?” అంటే తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు ఖమర్‌బీ అమ్మే వచ్చింది, ప్రయాణానికి ముందు కంటి ప్రెషర్ చూపించుకుని, నలభై రెండు రోజులకు సరిపడా మందు తీసుకుపోదామని. నా కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చుంది. కొడుకు ఆమెకు ఎదురు పడలేక ఏసీ గదిలో దాక్కున్నాడు.

“యశోదమ్మా, వాడు రాత్రి అన్నం తినలే. ఏంది సంగతి? వచ్చే ఏడు పోతే బాగుంటాదేమో అని నసుగుతా ఉండాడు,” అంది. మళ్లీ తనే, “వచ్చే ఏటికి నేనుంటాలేమ్మా. కండ్లుంటాయా?” అంది.

నేను ఇంక ఆగలేదు. ఆమెను బెంచీ మీదే ఉండమని, వాహిదన్నను రెక్క పట్టుకుని డాక్టర్ గారి గదిలోకి లాక్కుపోయాను. లోపల రోగి లేరు, నా అదృష్టం. డాక్టర్ గారి బల్ల మీది కంప్యూటర్‌ను వాహిదన్న ముందు రోజే సర్వర్‌కు కలిపాడు. నేను అడక్కుండానే కీబోర్డు లాక్కుని 212.1 కొట్టాను.

“ఏంది యశోదా ఇది?”

“మీరు చెప్తే వాహిదన్న కొట్టిందే సార్. చదవండి.”

పదేళ్ల వరుసలు ఒకదాని కింద ఒకటి. మొదటిది: ఎడమ కంటి అంచులు తగ్గాయి, కుడి కన్ను బాగుంది. నాలుగేళ్ల తర్వాత: ఎడమ కంటికి వెలుతురు మాత్రమే తెలుస్తోంది. పోయిన సంవత్సరం: కుడి కంటి అంచులు కూడా పోతున్నాయి. చివరిది ఈ జనవరిలో: కుడి కంట నడిమి చూపు కొంచెం మిగిలింది, మందు సరిగ్గా వేసుకుంటే ఈ ఏడు నిలబడొచ్చు, ఆ తర్వాత చెప్పలేను. అది డాక్టర్ గారు నోటితో చెప్పారు. కన్నతల్లి గురించి ఆ మాటను వాహిదన్న తన వేళ్లతో కొట్టాడు, కొట్టి పక్క రోగి పేరుకు పోయాడు.

“వచ్చే ఏడు పొమ్మన్నారు గదా సార్. వచ్చే ఏడు ఆమె ఏం చూస్తాదో మీరే చెప్పండి.”

డాక్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని ఆ వరుసలు పైనుంచి కిందికి ఇంకోసారి చదివారు. వాహిదన్న గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా.

“మూడూర్లు ఎవరు చూస్తారు?” అన్నారు డాక్టర్ గారు చివరికి.

“నేను చూస్తా. అంతా రాసుకున్నా.”

“ఒక్క రోజు కూడా మానేదానికి లేదు.”

“మానను సార్.”

“జమ్మలమడుగు సంగతి మర్చిపోవాల. ఇది తెలిసిన మనిషి సర్వర్ దగ్గరే ఉండాల.”

మూడేళ్లు పోట్లాడి తెచ్చుకున్న కాగితం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. తలుపు సందులోంచి చూస్తే, బెంచీ మీది ఖమర్‌బీ అమ్మ తన ముందు నుంచి చీపురుతో పోతున్న ఆయాను కొడుకనుకుని “వాహిద్” అని పిలుస్తోంది.

“సరే సార్,” అన్నాను.

అన్నాక తెలిసింది, ముందు రోజు వాహిదన్నను ఏ మాట అన్నందుకు తిట్టానో అదే మాట అన్నానని.

వాళ్లు పోయారు. ఆ నలభై రెండు రోజుల్లో సర్వర్ రెండుసార్లు మాట్లాడటం మానేసింది. ఒకసారి జమ్మలమడుగు లైను తెగింది, ఒకసారి పులివెందులలో కంప్యూటర్ మార్చారు. రెండుసార్లూ నోట్‌బుక్ ముందు పెట్టుకుని నేనే బాగు చేశాను. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం వాహిదన్న చేసిన ఫోన్‌లో ఖమర్‌బీ అమ్మ గొంతు వినబడింది.

“యశోదమ్మా, చూసినానే తల్లీ! కండ్లారా చూసినా. నాకు నడాన చూపే గదా మిగిలింది. ఆ అల్లా ఇల్లు కూడా నట్టనడాన్నే ఉండాది. అంతా కనపడిందమ్మా.”

కౌంటర్ ముందు జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను.

వాహిదన్న తిరిగి వచ్చి రెండు నెలలైంది. నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. కానీ ఏదైనా నిలిచిపోతే జాస్మిన్ ఆయనకు కాదు, నాకే ఫోన్ చేస్తోంది. ఆయన తల వంచుకుని కార్డులు రాసుకుంటున్నాడు, శనివారాలు తల్లి దగ్గర ఉంటున్నాడు. ఖమర్‌బీ అమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

మొన్న మా అత్తకు జ్వరమొస్తే రెండు రోజులు లీవు కావాలని లోపలికి పోయాను. డాక్టర్ గారు తల ఎత్తకుండానే అన్నారు.

“నువ్వు లేకపోతే ఎట్లమ్మా యశోదా?”

వాహిదన్న తలుపు దగ్గరే ఉన్నాడు, విన్నాడు. నాకు ఒళ్లు మండుతుందని, నోరు లేస్తుందని ఎదురుచూశాడు. నేనూ అదే ఎదురుచూశాను. కోపం రాలేదు. తల వంచుకుని నవ్వాను.